మాస్కు సరైన చోటే ఉంది

ఇంగోల్‌స్టాట్,
3 మే 2020

చి.సౌ. ప్రవీణకి,

గొంతు లేని బాబాయి కాగితం మీద గట్టిగా అరుస్తూ రాస్తున్నది. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ పిన్ని బాల్కనీలో గోంగూర విత్తనాలు చల్లి, రోజూ పొద్దున్నే మొలవలేదని వాటిని తిడుతోంది. ఈ చలికి గోంగూర రాదని చెప్పాలంటే నేను మెడకి ఆ మాట పలికించే మిషను ఆనించుకోవాలి. అదేమో ఛార్జింగ్‌లో ఉంటుంది. ఈలోగా మీ పిన్ని ఇంకో కుండీ నింపేస్తుంది.

పోయినసారి ఫోన్‌లో నా మిషను గొంతు విని మీ చిన్నది ఈషా జడుసుకుని ఏడ్చింది కదా. పసిదాని తప్పేముంది? మొదట్లో నాకే ఇంట్లో రోబో ఎవరో అద్దెకి దిగినట్టుండేది. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఏదో ప్రకటన అనుకుని పెట్టేస్తున్నారు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నీకూ తెలుగు రాయడం మర్చిపోకుండా ఉంటుంది.

అసలు సంగతికొస్తాను. పోయిన సోమవారం నుంచి కొట్లలోనూ బస్సుల్లోనూ మాస్కు తప్పనిసరి చేశారు. మర్నాడు పెరుగు కోసం వెళ్లాను. నీకు తెలుసుగా, స్వరపేటిక తీసేశాక నా ముక్కుకీ ఊపిరితిత్తులకీ సంబంధం తెగిపోయింది. పీల్చేదీ వదిలేదీ మెడ కింద పెట్టిన చిల్లులోంచే. కాబట్టి మాస్కు మెడకే కట్టుకుని వెళ్లాను. పెరుగు డబ్బాల దగ్గర ఒకావిడ నన్ను ఆపి, ముక్కు మీదికి లాక్కోమని, నీలాంటి వాళ్ల వల్లే ఈ రోగం వదలట్లేదని, కొట్టు కొట్టంతా వినేట్టు దులిపేసింది. నేను మాస్కు కాస్త కిందికి దించి చిల్లు చూపించాను. ఆవిడ చేతిలో డబ్బా జారి నేలంతా పెరుగైంది. అప్పుడు మిషను తీసి, "ఊరు మొత్తం మీద మాస్కు సరిగ్గా పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే మేడమ్" అన్నాను. ఆ గొంతుకి ఇంకో ముగ్గురు కూడా దూరం జరిగారు.

ఇంటికొచ్చి వాల్టర్‌కి రాశాను. బీరు కంపెనీలో చేసి రిటైరైన ముసలాయన, మా గొంతులేనివాళ్ల సంఘానికి పెద్ద. నా ఆపరేషన్‌కి ముందు రోజు నా మంచం పక్కన కూర్చున్నది ఆయనే. కత్తి కిందికి వెళ్లబోయేవాడికి, వెళ్లొచ్చి బతికి బట్టకట్టినవాడు ఒకడు కనబడాలి ప్రవీణా. డాక్టర్లు పదిమంది చెప్పినా అది రాదు. మా సంఘం పనంతా అదే. ఇప్పుడేమో మమ్మల్ని ఆసుపత్రుల గడప తొక్కనివ్వట్లేదు. వార్డుకో ట్యాబ్లెట్ కొనిపెడితే అందులోంచైనా కనబడొచ్చని మా ఆలోచన.

దానికి డబ్బు కావాలి. కన్నీటి కథ రాసి చందాలడగడం నా వంటికి పడదు. అందుకని చేతికి వేసుకునే రబ్బరు బ్యాండ్లు చేయించాం, పసుపు రంగువి. ఒక పక్క జర్మన్‌లో, ఒక పక్క తెలుగులో 'మాస్కు సరైన చోటే ఉంది' అని. వెల మూడు యూరోలు. నవ్వినవాళ్లకే అమ్ముతాను, అయ్యో పాపం అన్నవాళ్లకి అమ్మను. వాల్టర్ ఈ రెండో షరతు వ్యాపారానికి మంచిది కాదంటున్నాడు.

ఐదు పంపుతున్నాను. అల్లుణ్ణి అడిగానని చెప్పు.

మెడతో ఊపిరి పీల్చే
నీ బాబాయి
జనార్దనరావు


బ్యోబ్లింగెన్,
17 మే 2020

బాబాయ్‌కి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వాను, తర్వాత మళ్లీ భయపడ్డాను. కొట్లో ఆవిడకి అలా చూపించడమేంటి బాబాయ్! ఎవరైనా పోలీసుల్ని పిలిస్తే? పిన్ని ఏమీ అనలేదా?

ఈషా వెళ్లే పిల్లల బడి, ఆ కీటా, మూసేసి రెండు నెలలైంది. ఈషా ఐదు బ్యాండ్లూ తనే తగిలించుకుంది. దాని చెయ్యి సన్నం కదా, మోచేతి దాకా జారిపోతున్నాయి, అయినా ఒక్కటి ఇమ్మంటే "నైన్, మైన్స్" అంటోంది, అన్నీ దానివేనట. నేను బెడ్‌రూమ్‌లో, జితేంద్ర వంటింట్లో, పొద్దున్నుంచీ మీటింగులే మీటింగులు. కుక్కర్ విజిల్ వాళ్ల కస్టమర్లకి వినబడుతోందని అన్నం కూడా ఆయన బ్రేక్ చూసుకునే వండాలి. ఆ స్క్రీన్ ముందు అరిచి అరిచి మార్చి నుంచి ఆయన గొంతు బొంగురుపోయింది. మా అత్తగారు రోజూ వీడియో కాల్‌లో వైద్యమే. మిరియాల కషాయం, పాలలో పసుపు, బుగ్గన కరక్కాయ. పోయిన డిసెంబర్లో ఆవిడ పంపిన డబ్బాలో కరక్కాయలు దొరికాయి, అదే అదృష్టం. బుగ్గన పెట్టుకుని మీటింగులో మాట్లాడుతుంటే వాళ్ల టీమ్ లీడ్ పంటినొప్పా అని అడిగాడట.

ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. మీరు బ్యాండ్ల ఫోటో తెలుగు గ్రూపులో పెట్టారు కదా. స్టుట్‌గార్ట్ తెలుగు సంఘం వాసుదేవరావు గారు నాకు ఫోన్ చేశారు. "మీ బాబాయి అంత ఇబ్బందిలో ఉన్నారా అమ్మా?" అన్నారు. జోకులు తీసేసి పద్ధతిగా అడిగితే అందరూ సాయం చేస్తారట. వచ్చే ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో మీ ఫోటో చూపించి, మీ కోసం ఒక ప్రార్థన కూడా పెట్టిస్తామన్నారు. ఆయన మంచికే చెప్తున్నారు. ఆలోచించండి బాబాయ్.

మీ
ప్రవీణ


ఇంగోల్‌స్టాట్,
21 మే 2020

ప్రవీణా,

గోంగూర మొలిచింది. నేను ఓడిపోయాను. కబుర్లు ఇంతటితో సరి.

మార్చి నుంచి అంటే రెండు నెలలు దాటింది. జలుబుందా? జ్వరముందా? లేకపోతే మూడు నాలుగు వారాలకి మించిన బొంగురుని డాక్టరు చూసి తీరాలి. రేపు పొద్దున్నే గొంతు డాక్టరుకి ఫోన్ చేసి, చూపించుకునే తేదీకి టెర్మిన్ తీసుకో. దొరకలేదంటే ఇంకో డాక్టరు. అక్కడా దొరకలేదంటే వెళ్లి గుమ్మంలో నిలబడండి.

కరక్కాయ మీద నాకు పగేమీ లేదు. మీ నాయనమ్మ ఊళ్లో హరికథ చెప్పడానికొచ్చిన ప్రతి దాసుగారికీ కరక్కాయే పంపేది. నేనూ ఇక్కడ ఎనిమిది నెలలు చప్పరించాను. మనవాళ్లు అంతే, కారు ఇంజన్‌లో చిన్న చప్పుడొస్తే ఆ రోజే గరాజ్‌కి తోలతారు, గొంతులో చప్పుడు మారితే పోపులడబ్బా తీస్తారు. కరక్కాయ చేసే పని కరక్కాయ చేస్తుంది. లోపల ఏముందో చూడ్డం దాని పని కాదు.

నూటికి తొంభై మందికి ఏమీ ఉండదు. అల్లుడికీ ఏమీ లేదని తేలితే ఇద్దరూ కలిసి నన్ను తిట్టండి, హాయిగా పడతాను.

రెండో బ్యాండు చేయించాను, ఎర్రది. 'కరక్కాయ చాలు. డాక్టరు దగ్గరికి పద.' మొట్టమొదటిది అల్లుడికే పంపుతున్నాను. కరక్కాయంటే ఏమిటని వాల్టర్ అడిగాడు. చెప్తే, వాళ్ల పల్లెల్లో గొంతు బొంగురుకి వేడి బీరు తాగుతారట. జర్మన్ బ్యాండు మీద అది వేశాం.

వాసుదేవరావు గారితో నా మాటగా చెప్పు, నేనింకా పోలేదు, సంతాపసభ అప్పుడే వద్దని.

బాబాయి


బ్యోబ్లింగెన్,
10 జూన్ 2020

బాబాయ్,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. మీరు పెద్దవారు, కానీ ఇది చెప్పక తప్పదు.

మీరు పంపిన ఎర్ర బ్యాండు జితేంద్ర చేతికి నేనే ఇచ్చాను, నవ్వుతారని. ఆయన చదివి, తీసుకెళ్లి ప్లాస్టిక్ చెత్త వేసే పసుపు సంచిలో పడేశారు. మా అత్తగారికి తెలిసి వీడియోలో ఒకటే ఏడుపు. "పెద్దాయన నోట అలాంటి మాటేంటమ్మా, తథాస్తు దేవతలుంటారు" అన్నారు. అపశకునం ఇంట్లోకి పోస్టులో వచ్చిందన్నారు. ఆవిడకి నేనేం చెప్పను?

మీకు జరిగింది కాబట్టి మీకు ప్రతివాళ్ల గొంతులోనూ అదే కనిపిస్తోంది. నేను అర్థం చేసుకోగలను. కానీ ఆయన వయసు ముప్ఫై తొమ్మిది. ఇంకో సంగతి కూడా ఉంది. సెప్టెంబర్లో మాకు పర్మనెంట్ రెసిడెన్సీ టెర్మిన్ ఉంది. ఆయన వీసా, ఆ బ్లూ కార్డు, ఈ ఉద్యోగం మీదే ఉంది, ఆయన కంపెనీలో అప్పుడే జనాన్ని తగ్గిస్తున్నారు. ఇప్పుడు సిక్ లీవులు, టెస్టులు మొదలుపెడితే ముందు ఎవరి పేరు రాస్తారు? సెప్టెంబర్ దాటాక వెళ్తానని ఆయనే అన్నారు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మీ ఆపరేషన్‌కి మేము రాలేదని మీకు కోపమా? ఈషాకి అప్పుడు అమ్మవారు పోసింది, చెప్పాను కదా. ఆ కోపం ఇలా తీర్చుకోకండి బాబాయ్.

దయచేసి ఇక ఈ విషయం రాయొద్దు.

ప్రవీణ


ఇంగోల్‌స్టాట్,
18 జూన్ 2020

ప్రవీణకి,

మీరు రాలేదన్న సంగతి నువ్వు రాసేదాకా నాకు గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది, అయినా కోపం రావట్లేదు. కోపమొచ్చింది ఇంకోచోట. నా బ్యాండు అపశకునమా? అంటే నేను అపశకునాన్నా? ఈ చిల్లు మీ ఇంటి మీద నీడ పడేస్తుందని భయమా? అదే అయితే సూటిగా రాయి. వాసుదేవరావు గారి ప్రార్థన కంటే అది నయం.

నన్ను చూసి సిగ్గుపడేవాళ్లని ఇక్కడ చాలామందిని చూశాను. ముందు అడిగేది, సిగరెట్లు కాల్చేవారా అని. అవునంటే వాళ్లకి ప్రాణం కుదుటపడుతుంది. ఫ్యాక్టరీలో నేను పని నేర్పే కుర్రాళ్ల ముందు ఈ మిషను వాడొద్దని, వాళ్లు బెదురుతారని, ఒక మేనేజర్ మెల్లిగా చెప్పి చూశాడు. మర్నాడు నేను మిషను సౌండు పెంచి క్లాసు చెప్పాను. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మా పిల్లే నన్ను దాచిపెట్టాలనుకుంటుందని అనుకోలేదు.

సరే, నన్ను దాచుకో. అల్లుడి గొంతుని మాత్రం దాచకు. సెప్టెంబర్ దాకా ఆగమని కాగితాలకి చెప్పొచ్చు, గడ్డకి చెప్పలేం. నేను రాయడం మానను. ఈ విషయానికి కంకణం కట్టుకున్నాను, అదీ ఎర్రదే. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ప్రతి వారం కవరులో ఒక బ్యాండు వస్తుంది. ఉత్తరం ఉండదు, ఒట్టి బ్యాండే. మీ పసుపు సంచి నిండితే ఇంకో సంచి తెచ్చుకోండి.

ఈషాకి ముద్దులు.

బాబాయి


ఇంగోల్‌స్టాట్,
2 సెప్టెంబర్ 2020

ప్రవీణా,

జూన్ నుంచి నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. బ్యాండ్లు మాత్రం వెళ్తూనే ఉన్నాయి, ఒక్కటీ తిరిగి రాలేదు కాబట్టి అందుతున్నాయనే అనుకుంటున్నాను. గోంగూర కోశాం. మీ పిన్ని పచ్చడి నూరి, మీ సీసా విడిగా పెట్టి, దాని వైపు నన్ను చూడనివ్వట్లేదు.

రాత్రి ఆవిడ నాతో దెబ్బలాడింది. "పిల్ల బిక్కచచ్చి ఉంటుంది, మీరేమో అది మిమ్మల్ని చూసి సిగ్గుపడుతోందని రాస్తారు. మీ గొంతు పోయింది గానీ పొగరు పోలేదు" అంది. నేను జవాబివ్వబోతే మిషను లాగేసుకుంది. ఆవిడ అన్నది నిజమేనా? నిజమైతే ఒక్క గీత గీసి పంపు, చాలు.

బాబాయి


బ్యోబ్లింగెన్,
4 అక్టోబర్ 2020

బాబాయ్,

పిన్ని అన్నది నిజం. మీ కవరు వచ్చిన ప్రతిసారీ నేను కింద పోస్టు డబ్బా దగ్గరే విప్పి, మెట్ల మీద కూర్చుని ఏడ్చి, బ్యాండు కోటు జేబులో వేసుకుని పైకి వెళ్లేదాన్ని. మీరంటే సిగ్గు కాదు బాబాయ్, ఎప్పుడూ కాదు. మీరు చెప్తున్నది నిజమేమోనని భయం. ఇంట్లో ఆ బొంగురు గొంతు పొద్దున్నుంచి రాత్రిదాకా వింటున్నదాన్ని నేనే కదా. నాకు మీమీద కోపం రావడం తేలిక, ఆయన మీద రావడం కష్టం.

ఇక జరిగింది రాస్తాను. సెప్టెంబర్ టెర్మిన్ కోసం ఇన్ని నెలలు ఆగామా, కరోనా వల్ల ఆ ఆఫీసువాళ్లే రద్దు చేసేశారు. కొత్త తేదీ తర్వాత చెప్తారట. ఆ వారంలోనే ఒక మీటింగులో జితేంద్ర ప్రెజెంటేషన్ ఇస్తున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. టీమ్ లీడ్, "జితేంద్ర, యూ ఆర్ ఆన్ మ్యూట్" అన్నాడు. ఆయన మ్యూట్‌లో లేరు. మళ్లీ మాట్లాడారు, మళ్లీ "మ్యూట్, మ్యూట్" అని నలుగురూ. నేను నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. ఆయన మైకు గుర్తు వైపు వేలు చూపించి, నా వైపు చూశారు. గొంతులోంచి ఒట్టి గాలి వస్తోంది.

ఆయన లాప్‌టాప్ మూసి, బ్యాగులోంచి మీ మొదటి ఎర్ర బ్యాండు తీశారు. పసుపు సంచిలో పడేశారని నేను మీకు రాశాను కదా, ఆ రాత్రే వెతికి తీసుకున్నారట. అది వేసుకుని "పద" అన్నారు. అది కూడా సరిగ్గా రాలేదు.

డాక్టరు కెమెరా పెట్టి చూసి వెంటనే స్టుట్‌గార్ట్ పంపారు. ముక్క తీసి పరీక్షించారు. అదే బాబాయ్. వేరే చోటికి పాకలేదు, కానీ స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. నవంబర్ పదో తేదీ ఇచ్చారు. జూన్‌లోనే వచ్చి ఉంటే అని నేను అడగబోతే డాక్టరు నా మాట మధ్యలోనే ఆపేశారు.

ఇప్పుడు ఆయన ఒప్పుకోవట్లేదు. "గొంతు లేకుండా ఈషాకి నాన్ననెలా అవుతాను? ఉన్నన్నాళ్లు ఈ గుసగుసతోనే మాట్లాడి పోతాను" అంటున్నారు. పేపర్లు టేబుల్ మీదే ఉన్నాయి. అత్తగారు ఏదో మొక్కుకున్నారు, మా అన్నయ్య బెంగళూరులో రెండో ఒపీనియన్ అంటున్నాడు. అందరూ మాట్లాడుతున్నారు, వినాల్సినాయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అపశకునమని మిమ్మల్నన్నాను, ఇప్పుడు మీకే రాస్తున్నాను. ఏం చెప్పను బాబాయ్ ఆయనకి?

ప్రవీణ


ఇంగోల్‌స్టాట్,
7 అక్టోబర్ 2020

ప్రవీణా, తల్లీ,

నీ ఉత్తరం చదివి మీ పిన్నీ నేనూ కాసేపు ఏడ్చాం. నేను ఏడిస్తే చప్పుడు రాదు కాబట్టి ఆవిడ నా వాటా కూడా ఏడ్చింది. అయిపోయింది. జూన్‌లో నేను రాసిన ఆ సిగ్గు మాటలు చింపెయ్.

నువ్వేమీ చెప్పకు. చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నేను వస్తానని చెప్పు. ఆసుపత్రిలోకి రానివ్వరుగా అంటావు. ఈ వేసవిలో బ్యాండ్ల డబ్బుతో కొన్న ట్యాబ్లెట్లలో ఒకటి ఆ స్టుట్‌గార్ట్ వార్డుకే ఇచ్చాం. అల్లుడు అక్కడికి వెళ్తాడని తెలిసి కాదు, వాల్టర్‌కి అక్కడి నర్సు తెలుసు. ఆపరేషన్ ముందు పరీక్షలకి ఆయన్ని ఒక రాత్రి ఉంచుతారు. ఆ సాయంత్రం నేను కనబడతాను. సంతకం పెట్టాలని షరతేం లేదు. నన్ను చూసి, ఆ తర్వాత కాదంటే, కాదనే హక్కు ఆయనది.

నేను అబద్ధం చెప్పను, ముందే నీకు చెప్తున్నాను. పోయేవి పోతాయి. పోపు వాసన పోతుంది, ఇంట్లో తాలింపు మాడినా నాకు తెలీదు. వేడి కాఫీ ఊదుకోలేం. ఈత కొట్టలేం. స్నానానికి మెడకి అడ్డం పెట్టుకోవాలి. ఆపరేషనయ్యాక మొదటి పది రోజులు నరకం, దానికి ఇంకో పేరు లేదు. మిగిలేవీ చాలా ఉన్నాయి. గోంగూర పులుపు తెలుస్తుంది. కోపం అలాగే ఉంటుంది. నవ్వొస్తే ఒళ్లంతా ఊగుతుంది, చప్పుడుండదు, అంతే. పిల్ల ఒళ్లో కూర్చోడానికి గొంతు అడగదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి కోపం తెప్పిస్తాను, ఏమీ అనుకోకు. బతకడానికి సిగ్గుపడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కత్తిని చూసి భయపడమను, తప్పులేదు, నేనూ వణికాను. గొంతు లేనివాడు తక్కువవాడని మాత్రం నా ఎదురుగా అనమను చూద్దాం.

గోంగూర సీసా పోస్టులో వస్తోంది. నూనె కారకుండా మీ పిన్ని పదకొండు కవర్లు చుట్టింది.

బాబాయి


బ్యోబ్లింగెన్,
9 నవంబర్ 2020

బాబాయ్,

రేపు ఆపరేషన్. నన్ను గేటు దాకానే రానిచ్చారు. సూట్‌కేస్ ఆయన చేతికిచ్చి, రోడ్డు మీదే నిలబడి చెయ్యి ఊపి వచ్చేశాను.

పరీక్షలకి ఉంచిన ఆ రోజు ట్యాబ్లెట్‌లో మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మీకు తెలుసు, మీకు కనబడనిదీ ఆ తర్వాత ఇక్కడ జరిగిందీ తెలీదు కదా, అందుకే రాస్తున్నాను. నర్సు ట్యాబ్లెట్ తెచ్చి మంచం మీద పెడితే ఆయన దుప్పటి ముసుగు పెట్టుకున్నారట. అప్పుడు మీరు ఆ మిషను గొంతుతో, "అల్లుడుగారూ, నేను బ్యాంకు నుంచి మాట్లాడటం లేదు, పెట్టెయ్యకండి" అన్నారట. దుప్పట్లో ఆయనకి నవ్వొచ్చిందట. నవ్వు చప్పుడు బయటికి రాలేదట. అటు మీకూ రాదు. ఇద్దరూ చప్పుడు లేకుండా నవ్వుతుంటే నర్సు కనెక్షన్ పోయిందనుకుని ట్యాబ్లెట్ తట్టిందట. ఇది చెప్పడానికి ఆయన మర్నాడు ఇంటికొచ్చి నాకు కాగితం మీద రెండు పేజీలు రాశారు. చివర్లో, "మామయ్యగారు నవ్వినట్టే నేనూ నవ్వాను. అంటే ఇప్పటికే సగం ఆపరేషన్ అయిపోయినట్టే" అని రాసి, టేబుల్ మీది పేపర్లు లాక్కుని సంతకం పెట్టారు.

అత్తగారికి ఆయనే మెసేజ్ పెట్టారు, కరక్కాయ ఇక పంపొద్దని. ఆవిడ మొదట బాధపడ్డారు. నిన్న మాత్రం, ఆ ఎర్ర బ్యాండు వాళ్ల కాలనీ సంగీతం టీచర్‌కి ఒకటి పంపించమని అడిగారు. ఆయన గొంతు వినాయక చవితి నుంచి బాగోలేదట.

ఈషాకి చెప్పాం, నాన్నకి తాతయ్యలాంటి రోబోటర్ గొంతు వస్తుందని. ఏడుస్తుందనుకున్నాను. "సౌండు ఎంత పెద్దగా వస్తుంది?" అని అడిగింది.

నాకు చాలా భయంగా ఉంది బాబాయ్. ఎవరికీ చెప్పట్లేదు, మీకు చెప్తున్నాను. మీ కవర్లలో వచ్చిన బ్యాండ్లన్నీ కోటు జేబులోంచి తీసి రెండు చేతులకీ వేసుకున్నాను. చూస్తే పిచ్చిదాన్లా ఉన్నాను. రేపు మధ్యాహ్నం దాకా తీయను.

మీ ప్రవీణ


బ్యోబ్లింగెన్,
7 ఫిబ్రవరి 2021

బాబాయ్‌కీ పిన్నికీ నమస్కారాలు.

రేడియేషన్ కూడా అయిపోయింది. బరువు తగ్గారు, చెడ్డ చిరాకు, పేచీలు మామూలే. మీ గోంగూర మాత్రం మిగల్లేదు. వాసన తెలియట్లేదని మొదటి ముద్ద దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నారు, పులుపు తగిలాక సీసా తన వైపు లాక్కున్నారు.

పోయినవారం ఎస్-బాన్ రైలు స్టేషన్‌లో, కొత్తగా పెట్టిన ఆ మందపాటి మాస్కుల రూలు కదా, ఒక పెద్దాయన ఈయన మెడ కేసి వేలు చూపించి గట్టిగా అరిచాడు. నేను జవాబివ్వబోయాను. ఈయన నన్ను చేత్తో ఆపి, కోటు చెయ్యి పైకి లాగి పసుపు బ్యాండు చూపించారు. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. ఈయన మెడ చూశాడు. సారీ చెప్పి, ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆయన భార్యకీ అదే ఆపరేషనట, ఆవిడ మూడు నెలలుగా గడప దాటట్లేదట. ఈయన తన చేతిది తీసి ఆయనకిచ్చేశారు.

ఉద్యోగం సంగతి అడిగారు కదా. సోమవారం నుంచి మీటింగుల్లో కూర్చుంటున్నారు. మొదటి రోజు టీమ్ లీడ్ అలవాటుకొద్దీ, "జితేంద్ర, యూ ఆర్ ఆన్ మ్యూట్" అనేశాడు. అని, నాలిక కరుచుకున్నాడు. ఈయన మిషను తీసుకోలేదు. ఈషా డ్రాయింగ్ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఏదో రాసి, కెమెరా ముందు పెట్టారు. తర్వాత ప్రెజెంటేషన్ మొత్తం చాట్‌లో టైప్ చేసి ఇచ్చారు, చివరిదాకా అందరూ కూర్చున్నారు.

ఆ కాగితం మీద ఏముందో నేను రాయను. కింద ఆయనే రాస్తానంటున్నారు.

ప్రవీణ

మామయ్యగారికి,

మూడో బ్యాండు ఆర్డరు ఇది. నీలం రంగులో వేయించండి. తెలుగు, జర్మన్, రెండూ ఉండాలి. మొదటిది ఈషా అడుగుతోంది, రెండోది వాసుదేవరావు గారికి నా తరఫున పంపండి. జోకు తీసేయమంటే మాత్రం ఒప్పుకోకండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, దూరం నుంచి కూడా కనబడాలి.

'అవును, మ్యూట్‌లోనే ఉన్నాను. అయినా వినండి.'

జితేంద్ర